సీజ్ చేసిన వాహనాల టోయింగ్, యార్డు టెండరు వేసే ముందు చూసుకోవలసిన లెక్కలు

పోలీసు శాఖ, రవాణా శాఖ, ఆబ్కారీ శాఖ, గనుల శాఖ వంటివి పట్టుకున్న వాహనాలను తరలించి భద్రపరిచే పనికి టెండరు వెలువడగానే చాలామంది ముందుగా క్రేన్ల ధరలు ఆరా తీస్తారు. క్రేన్ దొరకడం కష్టం కాదు, అవసరమైతే అద్దెకూ దొరుకుతుంది. ఈ వ్యాపారంలో లాభనష్టాలను తేల్చేది యార్డులో నిలిచిపోయే బండి. అది ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరి ఉత్తర్వు మీద బయటికి వెళ్తుంది, అన్నాళ్ల నిల్వ ఛార్జీ ఎవరు చెల్లిస్తారు అన్న మూడు ప్రశ్నలకు టెండరు పత్రంలో సమాధానం వెతికిన తరువాతే రేటు గురించి ఆలోచించాలి.

ఏ బండి ఏ చట్టం కింద వస్తుంది

యార్డు గేటు దాటి లోపలికి వచ్చిన బండ్లన్నీ చూడడానికి ఒకేలా ఉన్నా, చట్టం దృష్టిలో వాటి దారులు వేరు. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో 10 గంటలు లేదా అంతకు మించి వదిలేసిన వాహనాన్ని గానీ, పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన వాహనాన్ని గానీ తొలగించడానికి ఆ ప్రాంతంపై అధికారం ఉన్న, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఇవ్వాలి. అంటే మీ సిబ్బంది తమంతట తాముగా ఏ బండినీ ఎత్తకూడదు. టోయింగ్ ఖర్చు యజమానిదేనని అదే సెక్షన్‌లోని మూడవ ఉపసెక్షన్ చెబుతుంది. అక్కడ ఉన్నది టోయింగ్ ఖర్చు మాటే. రోజువారీ నిల్వ ఛార్జీ ప్రస్తావన అందులో లేదు కాబట్టి, దాన్ని యజమాని నుంచి వసూలు చేయాలంటే కాంట్రాక్టులోనో శాఖ ఉత్తర్వులోనో స్పష్టమైన ఆధారం ఉండాలి. ఈ కోవలో వచ్చే బండ్లు సాధారణంగా త్వరగానే తిరిగి వెళ్లిపోతాయి. యజమాని జరిమానా కట్టి అదే రోజు తీసుకుపోతాడు.

రిజిస్ట్రేషన్ లేకుండానో, పర్మిట్ లేకుండానో, లైసెన్సు లేని మనిషి నడుపుతుండగానో పట్టుబడిన బండి 207వ సెక్షన్ కింద వస్తుంది. సంబంధిత పత్రాలు చూపి, అధికారి విధించిన షరతులు పాటించడానికి ఒప్పుకుంటే విడుదల అవుతుంది. పత్రాలే లేని పాత ఆటోల వంటివాటిని మాత్రం విడిపించుకోవడానికి ఎవరూ రారు.

నేరం కేసులో సీజ్ అయిన బండి కోర్టు సొత్తు కిందే లెక్క. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ విధానాల చట్టం) 497వ సెక్షన్ ప్రకారం, సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లోగా దాని వివరాల నివేదిక తయారు కావాలి, ఫోటోలు తీయించాలి, ఆ తరువాత 30 రోజుల్లోగా దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. సీజ్ చేసిన వాహనాలను పోలీసు స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచడం వల్ల ప్రయోజనం లేదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002 లోనే చెప్పింది. అయినా స్టేషన్ల ముందు తుప్పు పట్టిన బండ్ల వరుసలు మనకు కొత్త కావు. కాబట్టి చట్టంలోని గడువును నమ్ముకుని రేటు వేయకండి.

అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉండేవి జప్తు ప్రక్రియలో చిక్కుకున్నవి. గంజాయి కేసులో మాదకద్రవ్యాల చట్టం, 1985, రేషన్ బియ్యం కేసులో కలెక్టరుకు జప్తు అధికారం ఇచ్చే నిత్యావసర సరుకుల చట్టం, 1955 లోని 6-ఏ సెక్షన్, ఇసుక కేసులో గనులు, ఖనిజాల చట్టం, 1957 వర్తిస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ కేసుల్లో లారీలు, ట్రాక్టర్లు, టిప్పర్లు పట్టుబడుతూనే ఉంటాయి. ఒక్క టిప్పర్ పలు కార్ల చోటు తింటుంది, జప్తు ఉత్తర్వు మీద అప్పీలు నడిచినన్నాళ్లూ కదలదు.

యార్డు లెక్క

కారు నిలపడానికి సుమారు 15 గజాలు కావాలి. తిప్పుకోవడానికి, ఏ బండినైనా మిగతావాటిని కదపకుండా బయటికి తీయడానికి దారి వదిలితే 30 గజాలు అనుకోండి. ఎకరానికి 4,840 గజాలు గనుక సుమారు 160 కార్లు పడతాయి. ఇప్పుడు నెలకు 60 వచ్చి 40 మాత్రమే విడుదలవుతాయని ఊహించండి. నెలకు 20 మిగులుతూ పోతే ఎనిమిదో నెల చివరికి యార్డు నిండిపోతుంది, మూడేళ్ల కాంట్రాక్టులో ఇంకా 28 నెలలు మిగిలే ఉంటాయి. ఆ తరువాతి స్థలం మీరు సొంత ఖర్చుతో వెతకాలా, శాఖ చూపిస్తుందా, లేక సామర్థ్యం దాటాక బండ్లు తీసుకోవడానికి నిరాకరించే హక్కు మీకు ఉందా అన్నది పత్రంలో లేకపోతే, ప్రీ-బిడ్ సమావేశానికి (టెండరు వేసేవారి సందేహాలకు శాఖ జవాబిచ్చే సమావేశానికి) ముందే రాతపూర్వకంగా అడిగి, జవాబు సవరణ పత్రంగా వచ్చేట్టు చూసుకోండి. సమావేశంలో నోటితో ఇచ్చిన హామీకి తరువాత విలువ ఉండదు.

స్థలం ఎంపికలో అద్దె ఒక్కటే చూడకూడదు. పల్లపు నేల అయితే వానాకాలంలో ఇంజన్లలోకి నీరు చేరుతుంది, ఆ నష్టానికి యజమాని మిమ్మల్నే అడుగుతాడు. అతడి వాదన చట్టపరంగా తేలికైనదేమీ కాదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872 లోని 151వ సెక్షన్ ప్రకారం, తనకు అప్పగించిన వస్తువును సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడవలసిన బాధ్యత అప్పగింత పుచ్చుకున్నవాడిది. ప్రహరీ, దీపాలు, గేటు దగ్గర, వరుసల మధ్య సీసీ కెమెరాలు, రాత్రి కాపలా తప్పనిసరి. కాపలాకు ఏజెన్సీని పెట్టుకుంటే, ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం, 2005 కింద దానికి లైసెన్సు ఉందో లేదో చూసుకోండి.

వేసవిలో యార్డుకు ప్రధాన శత్రువు నిప్పు. ఎండు గడ్డి, కారుతున్న పెట్రోలు, తీయని బ్యాటరీ, ఎవరో విసిరిన బీడీ ముక్క చాలు. దగ్గర దగ్గరగా పెట్టిన ద్విచక్ర వాహనాల వరుస మొదలంటా అంటుకుపోతుంది. కాబట్టి వరుసల మధ్య ఖాళీ వదలండి, గడ్డి కోయించండి, బ్యాటరీ తీగ విప్పే ముందు దర్యాప్తు అధికారి అనుమతి రాతలో తీసుకోండి. సాక్ష్యంగా ఉన్న బండిలో మీరు విప్పిన ఒక్క నట్టు కూడా తరువాత ప్రశ్న అవుతుంది. ప్రమాదంలో దెబ్బతిన్న విద్యుత్ వాహనాలను మిగతావాటికి దూరంగా ఒక మూల ఉంచాలి. వాటి బ్యాటరీ తెచ్చిన రోజున చల్లగా కనిపించినా తరువాత ఎప్పుడైనా మండవచ్చు.

టెండరు వేయడం

తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇటువంటి టెండర్లు ఆయా రాష్ట్రాల ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టళ్లలో వస్తాయి. కేంద్ర సంస్థలు ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ అయిన జెమ్‌ను కూడా వాడతాయి. డిజిటల్ సంతకం ముందే తీసుకోండి, ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగకండి. సాధారణంగా రెండు కవర్ల పద్ధతి ఉంటుంది. సాంకేతిక కవరులో అర్హత తేలినవారి ధరల కవరే తెరుస్తారు. పాన్, జీఎస్టీ నమోదు, ఆదాయపు పన్ను రిటర్నులు, అనుభవ ధ్రువపత్రాలు, వాహనాల ఆర్సీలు, యార్డు స్థలం మీదో లీజుదో చూపే పత్రం, బ్లాక్‌లిస్టులో లేమన్న అఫిడవిట్ అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 ప్రకారం టెండరుతో పాటు కట్టే ధరావతు (ఈఎండీ) అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ నియమాల్లో మినహాయింపు ఉంది. రాష్ట్ర టెండర్లలో ఆ మినహాయింపు ఉందో లేదో ఏ టెండరుకు ఆ టెండరు చదివి తెలుసుకోవాలి.

క్రేన్లు కొనడానికి తొందర వద్దు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు టెండరు దక్కకముందే అప్పు చేసి మూడు క్రేన్లు దించుకునేవారు ఉన్నారు. లీజు ఒప్పందాన్ని అర్హతగా అంగీకరిస్తారా అని ప్రీ-బిడ్‌లో అడగడం తెలివైన పని. పర్మిట్ విషయంలో ఒక చిన్న చిక్కు ఉంది. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్‌లో పర్మిట్ మినహాయింపు ఉన్నది చెడిపోయి కదలలేని వాహనాన్ని లాగే బండికి. సీజ్ చేసినది నడిచే కారే అయితే ఆ మినహాయింపు వర్తిస్తుందని ధీమాగా అనుకోకుండా, మీ టో ట్రక్కు రిజిస్ట్రేషన్ తరగతిని, పర్మిట్‌ను, బీమాను రవాణా కార్యాలయంలో సరిచూసుకోండి.

ఆదాయం వచ్చే పద్ధతిని బట్టి మీ నష్టభయం మారుతుంది. శాఖే బండికి ఇంత, రోజుకు ఇంత అని చెల్లిస్తే డబ్బు ఆలస్యమవుతుంది గానీ వస్తుంది. యజమానుల నుంచే వసూలు చేసుకోమంటే, ఎవరూ విడిపించుకోని బండ్లకు రూపాయి రాదు. కాంట్రాక్టరే శాఖకు ఏటా లైసెన్సు ఫీజు కట్టే పద్ధతి అన్నిటికన్నా ప్రమాదకరం. అది సిబ్బందిని ఎక్కువ బండ్లు ఎత్తమని ఉసిగొల్పుతుంది, అక్కడినుంచి జనంతో గొడవలు మొదలవుతాయి. బెంగళూరులో టోయింగ్ సిబ్బంది తీరుపై ప్రజాగ్రహం పెరిగి 2022 ఆరంభంలో ఆ పనినే నిలిపివేయవలసి వచ్చింది. అటువంటి నిలిపివేత వస్తే మీ లైసెన్సు ఫీజు మాఫీ అవుతుందా అన్న నిబంధన లేని పత్రం మీద సంతకం చేయకపోవడమే మేలని నా అభిప్రాయం.

బండి ఎత్తేటప్పుడు

ఎత్తే ముందే, రోడ్డు మీదే ఫోటోలు తీయాలి. నాలుగు వైపులా, ఓడోమీటరు, డ్యాష్‌బోర్డు, డిక్కీ, టైర్లు, ముందే ఉన్న గీతలు, సొట్టలు. సమయం, స్థలం ఫోటో మీదే పడాలి. తరువాత అప్పగింత పత్రం రెండు ప్రతుల్లో నింపి, అధికారి చేత, మీ డ్రైవరు చేత సంతకాలు చేయించాలి. క్రైమ్ నంబరు, బ్యాటరీ, స్టెప్నీ, జాకీ, స్టీరియో, హెల్మెటు, డిక్కీలోని సామాను ఒక్కొక్కటీ రాయాలి. నంబరు ప్లేటు లేని బండికి ఛాసిస్ నంబరే గుర్తు. నంబరు చెక్కి ఉన్న చోట మురికి తుడిచి, పల్చటి కాగితం అదిమి పట్టి పెన్సిలుతో రుద్ది ఆ అచ్చును పత్రానికి అంటించండి. అంకెలు చేత్తో రాసుకుంటే 8కీ 3కీ తేడా పోయే అవకాశం ఉంది, అచ్చులో ఉండదు.

ముందు చక్రాలతో నడిచే కారును ముందు వైపు ఎత్తి లాగవచ్చు. ఆటోమేటిక్ గేరు బండ్లను, నాలుగు చక్రాలతో నడిచేవాటిని, విద్యుత్ వాహనాలను ఫ్లాట్‌బెడ్ మీద, అంటే బండిని మొత్తంగా పైకెక్కించుకునే ట్రక్కు మీద తేవడమే క్షేమం. విద్యుత్ వాహనం చక్రాలు రోడ్డు మీద తిరిగితే దాని మోటారు కరెంటు పుట్టిస్తుంది. మనుషులు లోపల ఉన్న బండిని ఎట్టి పరిస్థితిలోనూ ఎత్తకూడదు.

బిల్లు, విడుదల, ముగింపు లెక్కలు

నెలాఖరున స్టేషన్ల వారీగా రావడం, పోవడం, నిల్వ మూడు వరుసల్లో రాసిన పట్టికను ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ బాధ్యుడైన పోలీసు అధికారి) చేత సంతకం చేయించి బిల్లుకు జతచేయండి. ఆ సంతకం లేని బిల్లు మీద వచ్చే ఆక్షేపణల వల్ల నెలలు గడుస్తాయి. ఒప్పందం విలువ రెండున్నర లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్, వ్యక్తి అయితే 1, సంస్థ అయితే 2 శాతం ఆదాయపు పన్ను టీడీఎస్ మినహాయిస్తారు. చేతికొచ్చే నగదు అంచనా వేసేటప్పుడు వీటిని మరవకండి. ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థగా ప్రభుత్వం వద్ద నమోదు) కాంట్రాక్టు కుదరకముందే చేయించుకుంటే, సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం, 2006 కింద గరిష్ఠంగా 45 రోజుల చెల్లింపు గడువును, ఆలస్యానికి చక్రవడ్డీని అడిగే ఆధారం ఉంటుంది.

ఇంటెరిమ్ కస్టడీ (కేసు తేలేదాకా తాత్కాలిక అప్పగింత) పిటిషన్ మీద కోర్టు బండి విడుదల చేయమన్న ఉత్తర్వుతో యజమాని వస్తే, నిల్వ బాకీ ఉందని ఆపి ఉంచకండి. ఉత్తర్వులో లేని షరతు మీరు పెట్టకూడదు. కాబట్టి కోర్టు విడుదల చేసే బండ్ల నిల్వ ఖర్చు శాఖదేనని కాంట్రాక్టులోనే రాయించుకోవాలి. విడుదల సమయంలో ఉత్తర్వు నకలు, యజమాని గుర్తింపు, స్టేషన్ నుంచి లేఖ సరిచూసి, తెచ్చినప్పటి పత్రం ముందు పెట్టుకుని ఒక్కొక్క వస్తువూ చూపించి, అందిందని సంతకం తీసుకోండి.

ఎవరూ రాని బండ్ల గురించి స్టేషన్‌కు ప్రతి నెలా రాతలో గుర్తుచేయండి. ప్రకటన, అభ్యంతరాల గడువు, వేలం అంతా శాఖ పనే, మీరు అమ్మలేరు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇలాంటి బండ్ల జాబితా ప్రకటించి, ఆరు నెలల గడువు ఇచ్చి వేలం వేయడం పరిపాటి. వేలం సొమ్ములోంచి మీ నిల్వ ఛార్జీ ముందుగా తీసి ఇవ్వాలన్న నిబంధన సాధించగలిగితే అదే ఈ కాంట్రాక్టులో అన్నిటికన్నా విలువైన వాక్యం.

గడువు ముగిశాక యార్డులో మిగిలిన బండ్లను కొత్త కాంట్రాక్టరుకో శాఖకో అప్పగించేటప్పుడు ముగ్గురూ కలిసి ప్రతి బండినీ చూసి సంతకాలు చేసిన జాబితా తయారవ్వాలి. వాటిని తరలించే ఖర్చు ఎవరిదో మొదటి రోజే తేల్చుకోండి. ఆ జాబితా, శాఖ ఇచ్చే బాకీ లేదన్న పత్రం చేతికి వచ్చాకే సెక్యూరిటీ డిపాజిట్ వాపసుకు దరఖాస్తు పెట్టగలరు, అప్పటివరకు యార్డు లీజు రద్దు చేసుకోకండి.