పిల్లల కోసం జంతువుల కథలు రాద్దాం – 5వ పాఠం: స్నేహితుడికి ఆశ పుట్టినప్పుడు

పోయిన పాఠంలో రెండు జంతువులకు స్నేహం కుదిర్చాం. వాటికి కలుసుకునే చోటు ఇచ్చాం, రోజూ కలిసి చేసే పని ఇచ్చాం. ఈసారి ఆ స్నేహాన్ని తెంచాలి. చాలామంది ఇక్కడ తొందరపడి "ఒకరోజు నక్కకు దుర్బుద్ధి పుట్టింది" అని ఒక్క వాక్యంతో దాటేస్తారు. వింటున్న పిల్లలకు మాత్రం అసలు సందేహం అక్కడే మొదలవుతుంది. నిన్నటిదాకా బాగానే ఉంది కదా, ఇవాళ ఎందుకు పుట్టింది? ఆ ప్రశ్నకు కథలోనే జవాబు దొరికేలా రాయడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

అందరికీ తెలిసిన కోతి, మొసలి కథనే తీసుకుందాం. పంచతంత్రంలో నాలుగో భాగమైన 'లబ్ధప్రణాశం' ఈ కథ మీదే నడుస్తుంది. బౌద్ధుల జాతక కథల్లోనూ ఇది ఉంది. జాతకంలో కోతికీ మొసలికీ ముందు నుంచి స్నేహమేమీ లేదు. మొసలి భార్య కోతి గుండె కావాలంటుంది. మొసలి వచ్చి, గంగ అవతలి ఒడ్డున మామిడిపళ్లు, ఇంకా రకరకాల పళ్లు ఉన్నాయని, తన వీపు మీద తీసుకెళ్తానని చెబుతుంది. పళ్ల మీద ఆశతో కోతి ఎక్కుతుంది. నది మధ్యలో సంగతి తెలిసి, గుండెను మేడిచెట్టుకు తగిలించి వచ్చానని చెప్పి తప్పించుకుంటుంది.

పంచతంత్రంలోనూ ఎత్తు అదే, గుండె అదే. కానీ ఇక్కడ కోతి తన నేరేడుచెట్టు కిందికి వచ్చిన మొసలిని అతిథిగా చూసి పళ్లు పెడుతుంది. రోజూ కబుర్లు చెప్పుకుంటారు. తినగా మిగిలిన పళ్లను మొసలి ఇంటికి తీసుకెళ్తుంది. చివరికి కోతి దాని వీపు ఎక్కేది పళ్ల కోసం కాదు, "మా ఆవిడ నిన్ను చూడాలంటోంది" అన్న స్నేహితుడి మాట మీద. జాతక కథ వింటే కోతి తెలివికి ముచ్చటేస్తుంది. పంచతంత్ర కథ వింటే నీటి మధ్యలో గుండె గుభేలుమంటుంది. ద్రోహం ఎంత బాధపెట్టాలో మీరు ముందు రాసిన స్నేహాన్ని బట్టే ఉంటుంది. స్నేహానికి రెండు వాక్యాలు, మోసానికి రెండు పేజీలు రాస్తే కథ నిలబడదు.

ఇందులో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఆశ పుట్టిన చోటు. అది బయటి నుంచి రాలేదు, కోతి ప్రేమగా ఇచ్చిన పళ్లలోంచే వచ్చింది. ఇంత తియ్యటి పళ్లు రోజూ తినేవాడి గుండె ఇంకెంత తియ్యగా ఉంటుందో అనుకుంటుంది మొసలి భార్య. మొసలి వెంటనే ఒప్పుకోదు. అతను నాకు సోదరుడిలాంటివాడు అంటుంది. భార్య అలిగి, తిండి మానేసి చచ్చిపోతానని బెదిరిస్తుంది. అప్పుడుగానీ మొసలి కదలదు. అంటే ఆశ ఒక్కటే చాలలేదు, దాని వెనక ఒక ఒత్తిడి ఉంది. పిల్లలకు ఇది బాగా తెలిసిన విషయం. "దానితో మాట్లాడకపోతేనే నిన్ను ఆటలో చేర్చుకుంటాం" అనే మాట ఎంతోమంది పిల్లలు విని ఉంటారు.

ఇప్పుడు మనం ఒకటి రాసి చూద్దాం. ఉడుత మర్రిచెట్టు వేళ్ల మధ్య గింజలు దాస్తుంటే కాకి పైన కొమ్మ మీద కాపలా కాస్తుంది. అవి ఎక్కడున్నాయో ఆ ఇద్దరికే తెలుసు. ఒకరోజు ఆ తోటకు కాకుల గుంపు వచ్చింది.

"ఉడుతతో నీకు స్నేహమట కదా! గింజలు ఎక్కడ దాస్తుందో నీకు తెలిసే ఉంటుంది" అంది పెద్ద కాకి.

"నాకు తెలియదు" అంది కాకి.

"సరేలే. రేపు మేమంతా ఏటి అవతలికి వెళ్తున్నాం. నువ్వు ఇక్కడే ఉండు."

కాకి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మర్రిచెట్టు వేళ్ల వైపు ఒక్కసారి చూసింది.

కాకి మొదట స్నేహితురాలి కోసం అబద్ధమే చెప్పింది. దానికి గింజల మీద ఆశ లేదు, తన జాతివాళ్లతో కలిసి ఎగరాలని ఉంది. ద్రోహం ఒక్క చూపుతో అయిపోయింది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు ఈ చూపును పట్టుకుంటారు. ఐదారేళ్ల వాళ్లకైతే "చెప్పేసింది" అని తేటగా రాయండి, లేకపోతే అసలు విషయమే అందదు.

మోసం చేసే పాత్రగా ప్రతిసారీ నక్కనే పెట్టకండి. నక్క పేరు వినగానే పిల్లలు ముగింపు చెప్పేస్తారు. ఒకవేళ నక్కనే పెడితే దాని మాటల మీద శ్రద్ధ పెట్టండి. హితోపదేశంలో చిత్రాంగుడనే లేడితో నక్క స్నేహం నటించి, పంటచేను చూపిస్తుంది. లేడి అక్కడ వలలో చిక్కి, తాళ్లు కొరకమంటుంది. ఇవి నరాలతో పేనిన తాళ్లు, ఇవాళ ఆదివారం, పళ్లతో ఎలా ముట్టుకోను అంటుంది నక్క! లేడి మాంసం కోసం కాచుకున్నది నియమం గురించి మాట్లాడుతోంది. ద్రోహం చేసేవాళ్లు తాము ద్రోహం చేస్తున్నామని చెప్పుకోరు, ఏదో ఒక మంచి కారణం చూపిస్తారు. మీ పాత్రకు కూడా అలాంటి కారణం ఒకటి ఇవ్వండి.

చివర్లో మళ్లీ కలపాలా వద్దా అని చాలామందికి టెన్షన్. పంచతంత్రంలో మొసలి ఎంత పిలిచినా కోతి చెట్టు దిగదు. పిల్లలకు అది తప్పేమీ కాదు, నమ్మకం పోయాక దూరంగా ఉండొచ్చని తెలియడం వాళ్లకు మేలే. కలపాలనుకుంటే మాత్రం ఒక్క "క్షమించు"తో సరిపెట్టకండి. కాకి తనకు ఇష్టమైనది ఏదైనా వదులుకుని ఉడుత కోసం ఒక పని చేయాలి.

ఇక అభ్యాసం. పోయిన పాఠంలో మీరు తయారుచేసుకున్న జంటనే తీసుకుని, ఆశ పుట్టే ఘట్టాన్ని ఇరవై వాక్యాల్లో రాయండి. దురాశ, దుర్బుద్ధి, మోసం అనే మాటలు వాడకూడదు. ద్రోహం చేసే జంతువు కనీసం ఒక్కసారైనా కాదనాలి. రాశాక ఒక పిల్లకో పిల్లాడికో చదివి వినిపించి, ద్రోహం జరగబోయే ముందు ఆపి "ఇప్పుడు ఏం చేస్తుంది?" అని అడగండి. తడుముకోకుండా జవాబు వస్తే ఆ జంతువుకు రెండో వైపు లాగేది ఏదీ లేదన్నమాట. అప్పుడు ద్రోహాన్ని కాదు, దానికి ముందున్న స్నేహాన్ని మళ్లీ రాయండి.

వచ్చే పాఠంలో మూడోవాడు వచ్చి ఇద్దరి మధ్య చిచ్చు పెట్టే కథలు చూద్దాం. పంచతంత్రంలోని సింహం పింగళకుడు, ఎద్దు సంజీవకుడు, వాళ్ల మధ్యకు వచ్చిన నక్క దమనకుడి కథను ఈలోగా ఒకసారి చదివి ఉంచుకోండి.