నడక ఒక్కటే చాలదు: నలభై దాటాక బలం పెంచే వ్యాయామం మొదలుపెట్టే తీరు

నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి మోకాలి మీద చెయ్యి ఆనించకుండా, పక్కనున్న మంచంకోడు పట్టుకోకుండా లేవగలిగితే ఆ ఒంట్లో కండబలం ఇంకా నిలిచి ఉన్నట్టే. ముప్పై ఏళ్ళు దాటిన తరువాత కండరం పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం దాకా తరిగిపోతుందని, అరవై దాటాక ఈ తరుగుదల ఇంకా వేగం పుంజుకుంటుందని వైద్యులు చెబుతారు. రోజూ తెల్లవారుజామున పార్కులో నాలుగు కిలోమీటర్లు నడిచేవారికీ ఇది తప్పదు. నడక గుండెకు చేసినంత మేలు భుజాలకూ వీపుకూ చేయదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మార్గదర్శకాలలో, వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, పెద్ద కండరాలన్నిటికీ పని చెప్పే వ్యాయామం వారానికి రెండు రోజులైనా ఉండాలని విడిగా పేర్కొన్నది.

మధుమేహం ఉన్నవారికి ఇందులో ప్రత్యేకమైన లాభం ఉంది. రక్తంలోని చక్కెరను పెద్ద మొత్తంలో వాడుకునేది కండరాలే. శ్రమపడిన కండరం ఇన్సులిన్ తోడు అంతగా లేకపోయినా చక్కెరను లోపలికి తీసుకోగలదు. బరువు ఎత్తినప్పుడు ఎముక మీద పడే ఒత్తిడి దాని పటుత్వాన్ని కాపాడుతుంది కనుక ముట్లుడిగిన స్త్రీలకు ఈ వ్యాయామం మరీ అవసరం. చేతులు మగవారి చేతుల్లా మారతాయేమోనని చాలామంది సందేహిస్తారు. సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ బరువులెత్తే పోటీలో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు లేపి కాంస్యం గెలిచినది ఏళ్ళ తరబడి చేసిన కఠోర సాధనతో. వారానికి రెండుసార్లు బక్కెట్టు ఎత్తితే ఎవరికీ కండలు అలా పొంగవు.

బక్కెట్టు అన్నది మాటవరసకు కాదు. లీటరు నీళ్ళు కిలో బరువు తూగుతాయి కాబట్టి, ఇంట్లో ఇంతకంటే చక్కగా లెక్క కుదిరే పరికరం మరొకటి లేదు. మొదట అయిదు లీటర్ల నీళ్ళు పోసి, పిడికి తువ్వాలు చుట్టి, పాదాల మధ్య పెట్టుకోవాలి. పిరుదులను వెనక్కి నెడుతూ, వీపు గూను పోకుండా తుంటి దగ్గర వంగి, కాళ్ళ బలంతో పైకి లేవాలి. నీళ్ళు తొణికితే మీరు కుదుపుతో లేపుతున్నారని అర్థం. అదే బక్కెట్టును, ఒక చేతిని బల్ల మీద ఆనించి, రెండో చేత్తో నడుము దాకా లాగితే వీపుకు పని దొరుకుతుంది. తొడలకు, కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం చాలు. ఇది పాత తాలింఖానాల (వ్యాయామశాలల) బస్కీలకు మెతక రూపం. ఛాతీకి, భుజాలకు, నేల మీద దండీలు తీయలేనివారు గోడకు చేతులు ఆనించి తీయవచ్చు.

ఈ నాలుగింటినీ ఒక్కొక్కటి ఎనిమిదేసి సార్లు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగుతూ, రెండు విడతలు చేయాలి. లేపేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎనిమిది సార్లు తేలికై, పన్నెండు దాకా సునాయాసంగా వెళ్ళగలిగిన వారంలో ఒక లీటరు కలపాలి. నేను తొలి వారమే ఉత్సాహం కొద్దీ నలభై బస్కీలు తీసి, రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను. అలాంటి కండరాల నొప్పి దానంతటదే తగ్గుతుంది. కీలులో పోటు వస్తే మాత్రం అక్కడికి ఆపేయాలి. ఒకరోజు వ్యాయామం చేశాక మళ్ళీ చేసేలోగా ఒక రోజైనా విశ్రాంతి ఉండాలి.

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, హెర్నియా, మధుమేహం వల్ల కంటి వెనుక పొర (రెటీనా) దెబ్బతినడం, ఇటీవలి శస్త్రచికిత్స — వీటిలో ఏది ఉన్నా వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారు చక్కెర పడిపోకుండా కొంచెం బెల్లం దగ్గర పెట్టుకోవాలి.

ఇక తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒంటి బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ రోజుకు కావాలి; అరవై కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు ఆరు గ్రాములే. పల్చటి చారుతో సరిపెట్టుకోక ముద్దపప్పు, పెరుగు, శనగలు రోజూ విస్తట్లో ఉండేలా చూసుకోవాలి. బక్కెట్టు నిండుగా పోసినా తేలికగా అనిపించే రోజు వచ్చినప్పుడు డంబెళ్ళు కొనవచ్చు, జిమ్‌లో చేరవచ్చు; అంతకుముందు ఆ ఖర్చు అక్కరలేదు.