వెన్ను ఆపరేషన్ అయినా నొప్పి తగ్గని అమ్మకు, నాన్నకు ఎలా తోడుండాలి?

డిస్క్ జారిందనో, నరం నొక్కుకుపోయిందనో ఆపరేషన్ చేయించారు. కుట్లు మానాయి, ఎక్స్‌రే బాగుందన్నారు. అయినా అమ్మ నడుము పట్టుకునే లేస్తోంది. మూడు నెలలు దాటినా వదలని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. వెన్ను ఆపరేషన్ల తర్వాత ఇది అరుదేమీ కాదు. చాలాకాలం నలిగిన నరం, ఒత్తిడి తీసేసినా పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఒక్కోసారి నాడీ వ్యవస్థే చిన్న కదలికకు కూడా అతిగా స్పందించడం మొదలుపెడుతుంది. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోయినా ఆ నొప్పి నిజమైనదే. "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి కదమ్మా" అని మనం ధైర్యం చెప్పబోతాం. "నువ్వు నటిస్తున్నావు" అన్నట్టు ఆవిడకు వినిపిస్తుంది. ఆ మాట మానేయండి.

1. ముందు ప్రమాద సూచనలు తెలుసుకోండి

మూత్రం రాకపోవడం, మూత్రమో మలమో ఆపుకోలేకపోవడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు కొత్తగా బలహీనపడి పాదం ఈడ్చడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా అదే రోజు సర్జన్‌కు చెప్పండి. మూత్రం సంగతి చాలామంది అమ్మలు కొడుకులకు చెప్పరు. కూతురో కోడలో పక్కకు తీసుకెళ్ళి అడగాలి.

2. నొప్పి రాకముందే పని ఆపించండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నొప్పి కాస్త తక్కువున్న రోజు పేరుకున్న పనులన్నీ చేసేయడం, ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగలేకపోవడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. భయపడి పూర్తిగా పడుకోబెట్టినా నష్టమే. కండరాలు బలం కోల్పోతాయి, నడుము ఇంకా బిగుసుకుంటుంది.

ఒక వారం గమనించండి. వంటింట్లో ఎంతసేపు నిలబడితే నొప్పి మొదలవుతోంది? 20 నిమిషాలకైతే, 12 నిమిషాలకే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. బాగానే ఉన్నానన్నా కూర్చోబెట్టాల్సిందే. కాసేపాగి మళ్ళీ లేవొచ్చు. వారమంతా సాఫీగా సాగితే ఒకటి రెండు నిమిషాలు పెంచండి. నడకకూ ఇదే లెక్క. "ఇవాళ బాగుంది కదా, ఇంకో రౌండ్ వేద్దాం" అనకండి.

వంట మొత్తం లాక్కోకండి. పోపు ఆవిడే వేస్తుంది, ఉప్పు ఆవిడే చూస్తుంది. బియ్యం డబ్బా ఎత్తడం, నిండు కుక్కర్ దించడం మీ పని. కత్తిపీట ముందు నేల మీద కూర్చోకుండా, కూరగాయలు టేబుల్ మీద చాకుతో తరిగేలా చూడండి. వాకిట్లో వంగి ముగ్గు వేయడం కొన్నాళ్ళు ఇంకెవరైనా అందుకోవాలి.

3. మంచం మీద నుంచి లేవడం నేర్పండి

వెల్లకిలా పడుకుని ఒక్కసారిగా లేవకూడదు. ముందు మోకాళ్ళు మడవాలి. భుజాలు, నడుము కలిసి కదిలేలా పక్కకు తిరగాలి. కాళ్ళు మంచం కిందికి దించుతూ, అదే సమయంలో మోచేత్తో, అరచేత్తో పరుపును నొక్కి లేచి కూర్చోవాలి. మీరు చెయ్యి పట్టి లాగకండి, భుజం దగ్గర ఆసరా ఇస్తే చాలు. వెస్ట్రన్ కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ, బాత్రూమ్‌లో జారని చాప తప్పనిసరి. వ్రతమైనా, పెళ్ళి పీటల దగ్గరైనా కుర్చీ అడగడానికి మొహమాటపడొద్దు.

4. మందులు ఒకరే చూసుకోవాలి

నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం, ఊళ్ళో నొప్పి సూది వేయించుకోవడం ఆపించండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి రోజుల తరబడి వాడితే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది. డాక్టర్ రాసిన మాత్రలో పారాసెటమాల్ కలిసి ఉంటే, పైన డోలో (అదీ పారాసెటమాలే) వేస్తే మోతాదు మించిపోవచ్చు. నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మత్తు, తూలు తెస్తాయి. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు తోడుండండి, దారిలో లైటు వేసి ఉంచండి. ఈ మందులను హఠాత్తుగా మానేయకూడదు. ట్రమడాల్ వాడుతుంటే మలబద్ధకం వస్తుంది, ముక్కితే నడుముకు మరింత కష్టం. ముందే డాక్టర్‌ని అడగండి.

కాపడం పెడితే మధ్యలో గుడ్డ ఉండాలి, 15 నిమిషాలు చాలు. తిమ్మిరి ఉన్నచోట వేడి తెలియక చర్మం కాలుతుంది, షుగర్ ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. నరం సరిచేస్తానంటూ వెన్ను తొక్కే, లాగే వాళ్ళ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి.

5. నిద్ర, దిగులు

నిద్ర లేకపోతే నొప్పి ఎక్కువవుతుంది, నొప్పి ఎక్కువైతే నిద్ర పట్టదు. రెండు వారాలుగా తిండి మీద ధ్యాస లేకపోయినా, ఊరికే కన్నీళ్ళు పెట్టుకుంటున్నా డాక్టర్‌కు చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ లైన్ టెలిమానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ తీసుకోరు. దూరంగా ఉన్న పిల్లలు రోజూ "నొప్పి ఎలా ఉంది?" అని అడగడం తగ్గించి, "ఇవాళ ఎంతదూరం నడిచావు, ఎవరొచ్చారు?" అని అడగండి. ఆవిడ ఆలోచన కాసేపైనా నొప్పి మీద నుంచి మళ్ళుతుంది.

6. డాక్టర్ దగ్గరికి కాగితంతో వెళ్ళండి

"నొప్పిగా ఉంది" అంటే మందు మారుతుంది, అంతే. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతోంది, మంటా, తిమ్మిరా, పోటా, ఎంతసేపు కూర్చోగలుగుతోంది, ఏ మందుకు మగతగా ఉంటోంది, ఇవి రాసుకెళ్ళండి. ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ వెంట ఉంచుకోండి. మళ్ళీ ఆపరేషన్ అంటే ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోండి, వదలని నొప్పులకు చికిత్స చేసే పెయిన్ క్లినిక్‌లోనూ చూపించండి. పెద్ద ఆసుపత్రుల్లో ఈ విభాగం తరచూ మత్తు ఇచ్చే డాక్టర్ల ఆధ్వర్యంలో ఉంటుంది, రిసెప్షన్‌లో "పెయిన్ క్లినిక్" అనే అడగండి.