ఇంట్లోని పాత ఫిల్మ్ కెమెరాతో విశాఖలో తొలి రీలు తీసి, కడుక్కోవడం ఎలా?

వాడి వాడి పాడైన పాత కెమెరాల కంటే, తోలు కేసులో పెట్టి బీరువాలో దాచినందువల్ల పాడైనవే విశాఖపట్నంలో నాకు ఎక్కువగా కనిపిస్తాయి. సముద్రపు గాలిలోని తేమను తోలు పీల్చుకుని పట్టి ఉంచుతుంది. దానికి చీకటి తోడైతే లెన్స్ లోపలి అద్దాలకు ఫంగస్ పట్టడానికి ఇంకేమీ అక్కర్లేదు. కాబట్టి తాతగారి యాషికా గానీ, మేనమామ వాడిన పెంటాక్స్ కె1000 గానీ మీ చేతికి వచ్చినప్పుడు, తొలి రీలును ఆ కెమెరా ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికే కేటాయించండి. ఇక్కడ చెప్పే పద్ధతి 35 ఎంఎం నలుపు తెలుపు రీలుకు సంబంధించింది. రంగుల రీలుకు వాడే సి-41 డెవలపర్‌ను 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర కదలకుండా నిలపాలి కనుక, ఇంట్లో తొలిసారి రీలు కడిగేవారికి, అంటే డెవలప్ చేసేవారికి, నలుపు తెలుపే అనువైనది.

రీలు కొనకముందే కెమెరాను చూడండి

లెన్స్ అపర్చర్‌ను, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచి, కెమెరా వెనుక మూత తీసి, షట్టర్‌ను నొక్కినంత సేపూ తెరుచుకుని ఉండే ‘బి’ మీద పెట్టి నొక్కి పట్టుకుని, అవతలి వైపు నుంచి టార్చి వెలుగు పడేలా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. అంచున కొద్దిగా ఉంటే ఫొటోలో తేడా దాదాపు తెలియదు. మధ్య దాకా అల్లుకుంటే మాత్రం నలుపు వెలిసినట్టు అవుతుంది, ఎండకు ఎదురుగా తీసినప్పుడు బొమ్మంతా పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. అలాంటి లెన్స్‌ను మీరే విప్పే సాహసం చేయకుండా, పాత కెమెరాలు తెలిసిన మెకానిక్‌కు ఇవ్వడం మంచిది.

తర్వాత షట్టర్. చాలాకాలం వాడకపోతే లోపలి గ్రీజు గట్టిపడి నిదానపు వేగాలు మరింత నిదానిస్తాయి. మూత తెరిచే ఉంచి, సెల్‌ఫోన్‌తో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్‌లో వీడియో తీసి, వెలుగు కనిపించిన ఫ్రేములను లెక్కపెట్టండి. షట్టర్ వేగం 1/30 సెకను దగ్గర సుమారు 8 ఫ్రేములు, 1/60 దగ్గర 4 ఫ్రేములు రావాలి. అంతకంటే ఎక్కువ వేగాలను ఈ పద్ధతిలో నమ్మకంగా కొలవలేము; వాటి సంగతి రీలే చెబుతుంది.

వెనుక మూత గాడిలో ఉండే నల్ల స్పాంజిని వేలితో తాకి చూడండి. జిగురుగా అంటుకుంటే దాని పని అయిపోయినట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పుల్లతో దాన్ని గీకి తీసేసి, గాడిలో నల్లటి ఊలు దారాన్ని పలుచగా జిగురు పెట్టి అతికిస్తే వెలుతురు చొరబడదు. గీకేటప్పుడు ముక్కలు షట్టర్ తెరమీద పడకుండా కెమెరాను వంచి పట్టుకోవాలి.

బ్యాటరీ విషయం క్లుప్తంగా చెబుతాను. 1960లు, 70ల నాటి చాలా కెమెరాల లైట్ మీటర్లు 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ కోసం తయారైనవి. ఇప్పుడు దొరికే 1.5 వోల్టుల బ్యాటరీతో వాటి లెక్క తప్పవచ్చు. సెల్‌ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్‌తో సరిపోల్చి చూసుకుంటే చాలు.

రీలు ఎక్కించడం, తీయడం

ఫ్రిజ్‌లో దాచిన రీలును డబ్బా మూత తీయకుండా రెండు మూడు గంటలు బయట ఉంచండి. మన ఉక్కపోతలో చల్లటి ఫిల్మ్‌ను వెంటనే తెరిస్తే దానిమీద చెమ్మ పడుతుంది. నీడలో ఎక్కించి, మూత వేశాక రివైండ్ పిడిని మెల్లగా తిప్పి వదులు తీసి, ఫిల్మ్‌ను ముందుకు జరిపే మీట లాగిన ప్రతిసారీ ఆ పిడి తనంతట తాను తిరుగుతోందో లేదో గమనించండి. తిరగకపోతే రీలు లోపల కదలడం లేదు. తొలి రీలు ఖాళీగా రావడానికి ఇది చాలా సాధారణమైన కారణం, దీన్ని కనిపెట్టడానికి పట్టేది ఒక్క క్షణం.

మీటర్ లేకపోయినా ఎండలో తీయవచ్చు. నిండు ఎండలో అపర్చర్ ఎఫ్/16 పెట్టి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ వేగాన్ని ఫిల్మ్ ఐఎస్ఓ అంకెకు, అంటే వెలుతురుకు ఫిల్మ్ ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకెకు, దగ్గరగా ఉంచాలి. 400 ఐఎస్ఓ రీలుకు 1/500 సరిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్ ఇసుక మీద వెలుతురు తిరిగి కొడుతుంది కాబట్టి ఎఫ్/22 కావాలి. పాతబస్తీలో భవనాల నీడ పడిన సందుల్లో, పైన ఆకాశం తెరిపిగా ఉంటే, అదే వేగానికి ఎఫ్/5.6 దాకా తెరవాలి.

మన తీరం తూర్పు ముఖంగా ఉండటం వల్ల ఉదయం సముద్రం వైపు తిరిగితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. పడవలూ మనుషులూ నల్లటి ఆకారాలుగా మిగులుతారు. ముఖాలు స్పష్టంగా కావాలంటే సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. మధ్యాహ్నం దాటాక ఎండ కొండల వైపు నుంచి వస్తుంది, అప్పుడు సముద్రాన్ని నేపథ్యంగా పెట్టుకోవచ్చు. పరీక్షకు నాకు బాగా నచ్చే చోటు 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి. ముదురు రంగు ఇనుప దేహం, వెనుక తెల్లటి ఆకాశం ఒకే చట్రంలో ఉంటాయి. అక్కడ మీటర్ చెప్పినట్టు ఒకటి, ఒక స్టాప్ ఎక్కువగా (రెట్టింపు వెలుతురుతో) ఒకటి, ఒక స్టాప్ తక్కువగా (సగం వెలుతురుతో) ఒకటి తీయండి. ఇనుప రేకుల అతుకులు ఏ నెగెటివ్‌లో విడివిడిగా కనిపిస్తాయో, ఆ కెమెరాకు అదే సరైన లెక్క.

ప్రతి ఫొటోకూ నంబరు, షట్టర్ వేగం, అపర్చర్, వెలుతురు తీరు చిన్న నోటుబుక్కులో రాసుకోండి. ఇది లేకపోతే తొలి రీలు వల్ల నేర్చుకునేది సగమే. నౌకాదళ, రేవు ప్రాంతాల్లో నిషేధం బోర్డు కనిపించిన చోట కెమెరా తీయవద్దు. ఫిషింగ్ హార్బర్‌లో పనిలో ఉన్నవారిని అడిగాకే తీయండి.

ఇంట్లో కడగడం

డెవలపింగ్ ట్యాంకు, అందులో ఫిల్మ్‌ను చుట్టే గాడుల స్పైరల్, వెలుతురు చొరబడని చేంజింగ్ బ్యాగు, థర్మామీటరు, బొమ్మను బయటికి తెచ్చే డెవలపర్, ఆ పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను నిలిపే ఫిక్సర్ కావాలి. పనికిరాని రీలు ఒకటి తీసుకుని స్పైరల్‌కు ఎక్కించడం మొదట కళ్లు తెరిచి, ఆపై కళ్లు మూసుకుని సాధన చేయండి. బ్యాగులో చేతులు పెట్టిన కాసేపటికే అరచేతులకు చెమట పడుతుంది, ఆ చెమ్మ తగిలితే ఫిల్మ్ ప్లాస్టిక్ గాడిలో సగంలో ఇరుక్కుంటుంది. అందువల్ల ఈ పని ఏసీ గదిలో గానీ, రాత్రి చల్లబడ్డాక గానీ పెట్టుకోవాలి. స్పైరల్ పూర్తిగా పొడిగా ఉండాలి. ఇరుక్కుంటే బలవంతంగా తోయకుండా, ట్యాంకు మూత బిగించి, చేతులు బయటికి తీసి ఆరబెట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి.

అసలు చిక్కు వేడి. డెవలపర్ సమయాలు సాధారణంగా 20 డిగ్రీలకు చెప్పినవి. మే నెలలో మన మేడమీది ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. బేసిన్‌లో నీళ్లు పోసి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు వేసి, రసాయనాల సీసాలను అందులో నిలబెట్టండి. 20కి దించలేకపోతే 24 దగ్గర ఆగి, సమయాన్ని తగ్గించుకోవచ్చు. ఇల్ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్ అనే 400 ఐఎస్ఓ ఫిల్మ్‌ను ఐడి-11 అనే డెవలపర్‌లో నీళ్లు కలపకుండా కడిగితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు పడుతుంది. 24 దగ్గర అది ఐదు నిమిషాలకు దగ్గరవుతుంది, అంత తక్కువ సమయంలో ఫిల్మ్ అంతటా సమానంగా కడగడం కష్టం. అందుకే వేసవిలో డెవలపర్‌కు అంతే పరిమాణం నీళ్లు కలిపి వాడమంటాను. 20 దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9 నిమిషాలు పడుతుంది. ఒకసారి వాడిన ఆ మిశ్రమాన్ని పారబోయాలి.

డెవలపర్ పోశాక మొదటి పది సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేసి, గాలిబుడగలు పోయేలా బల్లమీద మెల్లగా తట్టి, ఆ తర్వాత ప్రతి నిమిషం అలాగే చేయండి. ఆపై పది సెకన్లు స్టాప్ బాత్, మూడు నుంచి ఐదు నిమిషాలు ఫిక్సర్. ఫిక్సర్ పాతదైతే రీలు చివర కత్తిరించిన ముక్కను అందులో వేసి, అది పారదర్శకం కావడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఉంచండి. చివరగా మంచినీళ్లు మారుస్తూ, ట్యాంకును మొదట ఐదు, తర్వాత పది, ఆపై ఇరవై సార్లు తలకిందులు చేసి కడిగి, ఆఖరి మునక డిస్టిల్డ్ వాటర్‌లో ముంచండి. వాహనాల బ్యాటరీలకు పోసే నీళ్లు ఆటో స్పేర్‌పార్ట్స్ దుకాణాల్లో దొరుకుతాయి, అవి చాలు. బాత్‌రూమ్‌లో ఫ్యాను లేకుండా, కింద బరువు క్లిప్పు పెట్టి వేలాడదీయండి. వానాకాలంలో ఆరడానికి రాత్రంతా పట్టవచ్చు.

నెగెటివ్ చదవడం

ఆరిన నెగెటివ్‌ను కిటికీ వెలుతురులో పట్టుకుని మొదట అంచునున్న అంకెలు చూడండి. అంకెలు ముదురుగా ఉండి ఫొటోలు లేకపోతే రీలు కదలలేదు లేదా షట్టర్ తెరుచుకోలేదు. అంకెలూ పలుచగా ఉంటే డెవలపర్‌లో ఉంచిన సమయం చాలలేదు. అంచు రంధ్రాల దాకా పాకిన నల్లటి చారలు మూత దగ్గర చొరబడిన వెలుతురువి. ఫొటోకు ఒక పక్క ముదురుగా, మరో పక్క పలుచగా ఉంటే షట్టర్ తెరలు సమానంగా పరుగెత్తడం లేదు. ఇక నోటుబుక్కు తెరిచి, 1/500తో తీసినవన్నీ మిగతావాటికంటే ముదురుగా ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే ఆ వేగం నిదానించింది. మెకానిక్ దగ్గరకు వెళ్లినప్పుడు ఆ నెగెటివ్‌నూ, ఆ పేజీనీ చూపించి, ఏ వేగాన్ని సరిచేయాలో చెప్పండి.