గైడుతో ఒక్క రోజులో ఆగ్రా
ఢిల్లీ నుంచి ఒక్క రోజులో ఆగ్రా చూసి రావాలనుకునేవారు శుక్రవారాన్ని పక్కన పెట్టాలి. ఆ రోజు తాజ్ మహల్‌లోకి సందర్శకులను అనుమతించరు. గైడును కుదుర్చుకునేటప్పుడు గుర్తింపు కార్డు చూపమనడానికి మొహమాటపడకుండా, ప్రధాన సమాధిలోకి విడిగా కొనవలసిన టికెట్టు రుసుములో కలిసి ఉందో లేదో అప్పుడే తేల్చుకోవాలి. లోపల గోడల మీది పూరేకులను దగ్గరగా చూస్తే, పాలరాయిలో గాడి తొలిచి, అందులో రంగురాళ్లను అతుకు కనబడకుండా పొదిగిన పనితనం తెలుస్తుంది. ఆ తరువాత, 1658 నుంచి 1666లో మరణించేవరకు షాజహాన్ బందీగా గడిపిన ఆగ్రా కోటకు వెళ్లి, యమున వంపులో కనిపించే తాజ్‌ను అక్కడి నుంచి మరోసారి చూడాలి. మధ్యలో పాలరాతి దుకాణాలకు తీసుకువెళ్తానంటే సున్నితంగా వద్దని చెప్పి, ఆ గంటను నూర్జహాన్ తన తండ్రికి కట్టించిన ఇతిమాద్ ఉద్ దౌలా సమాధికి కేటాయించడం, నా దృష్టిలో, మేలు.