ఏకవార్షిక సైలీన్ మొక్కలను గుర్తించడం ఎలా?

సైలీన్ (Silene) అనే ప్రజాతికి చెందిన చిన్న పూలమొక్క కనబడగానే చాలామంది నోట్‌బుక్‌లో ముందు రాసుకునేది పూల రంగు. ఈ ప్రజాతిలో రంగును నమ్ముకుంటే తప్పటడుగే. 1753లో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ అంతటివాడు సైలీన్ గాలికా, సైలీన్ ఆంగ్లికా, సైలీన్ క్విన్‌క్వెవల్నెరా అని వేర్వేరు జాతులకు పేర్లు పెట్టాడు. చివరిదానికి ప్రతి రేకు మీదా ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది. ఇప్పుడవన్నీ ఒకే జాతి కింద చేరాయి, గాలికా పేరు నిలిచింది. కాబట్టి రేకులను పక్కనపెట్టి, వాటి కింద రక్షక పత్రాలు అతుక్కుని ఏర్పడిన గొట్టాన్ని చూడడం అలవాటు చేసుకోవాలి.

ఈ మొక్కలు ఎక్కువగా మధ్యధరా తీరంలో, పశ్చిమాసియాలో, యూరప్ ఇసుక నేలల్లో, ధాన్యపు పొలాల్లో ఉంటాయి. మన దగ్గరికొస్తే గాలికా ఊటీ, కొడైకెనాల్ కొండల్లో కలుపు మొక్కగా స్థిరపడింది. పంజాబ్, కశ్మీర్ గోధుమ చేలల్లో సైలీన్ కోనాయిడియా కనిపిస్తుంది.

వెంట ఉండాల్సినవి: పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, కొత్త బ్లేడు, మిల్లీమీటర్ల స్కేలు, గింజలకు చిన్న కాగితం కవర్లు.

1. ఏకవార్షికమా (ఒక్క ఏడాదిలో బతుకు ముగిసేదా) కాదా తేల్చండి. మొదలు దగ్గర మట్టి కాస్త కదిపి చూడండి. సన్నటి తల్లివేరు ఒక్కటే ఉండి, పూయని ఆకుల గుబుర్లు పక్కన లేకపోతే దాదాపు ఏకవార్షికమే. మొక్కను పీకొద్దు. బ్రిటన్‌లో స్థల యజమాని అనుమతి లేకుండా అడవి మొక్కను వేళ్లతో పెకలించడం 1981 చట్టం ప్రకారం నేరం. పైగా గాలికా, సైలీన్ కోనికా అక్కడ అరుదైపోయాయి. ఒక పువ్వు, ఒక కాయ, నాలుగు ఫొటోలు చాలు.

2. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, కణుపులు ఉబ్బాయా, రక్షక పత్రాలు అతుక్కుని గొట్టమయ్యాయా చూడండి. విడివిడిగా ఉంటే అది సైలీన్ కాదు.

3. కీలాలు లెక్కపెట్టండి. పువ్వు మధ్యలో అండాశయం మీద నిలబడే సన్నటి తీగలవి. రెండే ఉండి, గొట్టానికి రెక్కల్లాంటి ఐదు అంచులుంటే అది గోధుమ చేలల్లో పెరిగే వకారియా అనే వేరే మొక్క. మూడుంటే సరైన దారిలో ఉన్నట్టే. ఐదుండి, రక్షక పత్రాల కొనలు రేకులను దాటి పొడవుగా సాగితే అదీ వేరే మొక్కే, అగ్రోస్టెమ్మా గితాగో. ఐదుండి కొనలు పొట్టివైతే సైలీన్ లాటిఫోలియా కావచ్చు. దానిలో ఆడ, మగ మొక్కలు వేరు. పూలు రాలిపోయి ఉంటే కాయ కొనన పళ్లు లెక్కించండి: మూడు కీలాల మొక్కకు ఆరు పళ్లు.

4. ఇక ఈనెలు. అసలు పని ఇక్కడే, తొందరపడొద్దు. గొట్టాన్ని వెలుగుకు అడ్డంపెట్టి, దాని అంచున ఉన్న ఒక పంటి కొన నుంచి పక్క పంటి కొన దాకా మాత్రమే లెక్కించండి. ఆ భాగంలో రెండే ఈనెలు వస్తే మొత్తం పది, ఆరు వస్తే ముప్పై. ముప్పై ఈనెలవి కోనోయిమార్ఫా అనే విభాగంలోకి వెళ్తాయి. గొట్టం దగ్గరదగ్గరగా గాడులు గీసినట్టుంటుంది, కాయ ముదిరేకొద్దీ అడుగున ఉబ్బుతుంది. కాయ దశలో అది రెండు సెంటీమీటర్ల లోపుంటే కోనికా. రెండు దాటి, లోపలి కాయ పొడవాటి మెడతో కూజాలా ఉంటే కోనాయిడియా. ఇంగ్లండ్‌లో బ్రెక్‌లాండ్ ఇసుక నేలల్లో పెరిగే ఈ చిన్న కోనికాకే 1 కోటి 13 లక్షల బేస్ జతల (డీఎన్‌ఏ అక్షరాల) మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) జన్యురాశి ఉందని 2012లో ప్రచురించారు. మనిషిది 16,569 మాత్రమే! అందుకే ఈ మొక్కంటే నాకు అంత గౌరవం.

5. ఈనెలు పదే ఉంటే గొట్టాన్ని నిలువునా చీల్చండి. రక్షక పత్రాల అడుగుకూ అండాశయానికీ మధ్య ఒక చిన్న కాడ ఉంటుంది, దాన్ని ఆంథోఫోర్ అంటారు. గాలికాలో అది ఒక మిల్లీమీటరు ఉంటే గొప్ప. సైలీన్ కొలరేటా అనే జాతిలో స్పష్టంగా పొడవు. గాలికాకు ఒంటినిండా జిగురు వెంట్రుకలు, పూలు ఎక్కువగా ఒకే పక్కకు వరుసకట్టి ఉంటాయి. వేలితో తాకితే అంటుకుంటుంది, కాండం మీద ఇసుక రేణువులు, చిన్న పురుగులు అతుక్కుని కనబడతాయి.

6. గింజలు తెచ్చుకోండి. మూత్రపిండం ఆకారంలో ఉండే వీటి వెన్ను, పక్కలు భూతద్దంలో చూడాలి. కొలరేటా గింజకు అలలు తిరిగిన రెండు రెక్కలుంటాయి. ఈ ఒక్క లక్షణంతో చాలా సందేహాలు తీరతాయి. పువ్వు దశలో చూసిన చోటికే కాయలు ఎండాక మళ్లీ వెళ్లడం అందుకే అవసరం.

7. పగలు రేకులు లోపలికి చుట్టుకుని వాడినట్టున్న మొక్కను సాయంత్రం మళ్లీ చూడండి. సైలీన్ నాక్టిఫ్లోరా రాత్రిపూట విచ్చుకుంటుంది. రేకు పైన లేత గులాబీ, కింద పసుపుఛాయ, మధ్యలో లోతైన చీలిక. లాటిఫోలియాతో పొరబడేది దీన్నే. అలాంటప్పుడు మూడో మెట్టుకు తిరిగి వెళ్లండి: నాక్టిఫ్లోరాకు మూడు కీలాలు, ఒకే పువ్వులో కేసరాలూ అండాశయమూ రెండూ ఉంటాయి.

రికార్డు రాసేటప్పుడు ఈనెల సంఖ్య, గొట్టం పొడవు, ఆంథోఫోర్ పొడవు, గింజ తీరు, నేల రకం, చూసిన వేళ తప్పకుండా చేర్చండి. గింజలు దొరకకపోతే జాతి పేరు ఊహించి రాయొద్దు. "సైలీన్, పది ఈనెలది" అని ఆపేయండి. కాయలు ఎండాక మిగతాది పూర్తిచేయవచ్చు.