సైగాన్‌లో రాత్రి బస్సు ఎక్కే ముందు

వియత్నాంలోని హోచిమిన్ సిటీ (సైగాన్‌కే మరో పేరు) నుంచి పడక బస్సులో కొండ మీది ఊరు దలాత్ వెళ్లే జంటలు ముందే చూసుకోవలసినవి:

- హోటల్ వారు తీసుకున్న పాస్‌పోర్టులు రెండూ తిరిగి చేతికి వచ్చాయా? గది ఖాళీ చేసే తొందరలో మరిచిపోయేది ఇదే.
- డబ్బు, కార్డులు ఇద్దరూ చెరిసగం దాచుకోండి.
- నోటు ఇచ్చే ముందు సున్నాలు లెక్కపెట్టండి. 20,000 డాంగ్‌ల నోటూ నీలమే, 5,00,000 డాంగ్‌ల నోటూ నీలమే. మసక వెలుతురులో తేడా తెలియదు. ఒక్క పొరపాటుతో రోజుల తరబడి పొదుపు చేసిన తిండి ఖర్చు పోతుంది. పెద్ద నోట్లను విడిగా ఉంచడమే మేలు.
- రోడ్డు అంచున నిలబడి ఫోను చూడకండి. మోటారు సైకిళ్ల మీద వచ్చి లాక్కుపోతారు.
- స్వెట్టర్లు పెద్ద సంచిలో అడుగున పెట్టకండి. దలాత్ దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది, దిగేది తెల్లవారుజామున.